యారాలి మంచు

శ్రుతి కాశ్మీర్‌లోని గుల్‌మర్గ్ వెళ్తోందని తెలిసిన రోజు అక్షతకు అన్నం సయించలేదు. శ్రుతి ఆమెకు యారాలు, మరిది పవన్ భార్య. పవన్‌కు ట్రాక్టర్ల కంపెనీలో ఉద్యోగం. అక్షతకూ ఆమె భర్త జగదీశ్‌కూ న్యాల్‌కల్ దారిలో అల్లం తోట. జహీరాబాద్‌లో రెండు కాపురాలూ ఒకే ఇంట్లో, కింద అన్న, పైన తమ్ముడు. ఇప్పుడు పైవాళ్లు మంచులో జారడానికి వెళ్తున్నారు, కిందవాళ్లు మట్టిలో అల్లం తవ్వించుకోవాలి. మాటవరసకైనా "మీరూ రండి" అని ఎవరూ అనలేదు.

పైగా ఆ ఎర్ర కోటు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ చలికోటు తొడుక్కుని మెట్లు దిగివచ్చింది శ్రుతి.

"ఎట్లుంది అక్కా?"

"మస్తుంది" అంది అక్షత. నిజంగానే బాగుంది. కడుపుమంటంతా అందుకే. బీదర్ కోట దాటి చలి ఎరగని మనిషికి కాశ్మీర్ కోటు చూపించి ఎట్లుందని అడగడమేమిటి?

అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వాన సంగతి అక్షతను అడగందే ఏ పనీ మొదలుపెట్టరు. తడి నేలలో తవ్విన అల్లానికి మట్టి పట్టేస్తుంది, మార్కెట్‌లో ఎవరూ ముట్టుకోరు. అందుకని ఆమె రోజూ ఫోన్‌లో సూచనలు చూస్తుంది, పక్క ఊళ్లవీ చూస్తుంది, అన్నీ బేరీజు వేసుకుని కూలీలను ఎప్పుడు పిలవాలో చెబుతుంది. రాయికోడ్‌లో కురిసే వాన న్యాల్‌కల్ దాకా వస్తుందో రాదో ఆమెకు తెలిసినంతగా టీవీ వాళ్లకు తెలియదు. ఇంట్లో వడియాలు పెట్టాలన్నా, పందిరి వేయాలన్నా, "అక్షతనడుగున్రి" అంటుంది అత్త శాంతమ్మ.

శ్రుతి కూడా అదే చేసింది.

"అక్కా, ఆయనకు ఈ వారమన్న వచ్చే వారమన్న సెలవిస్తరంట. ఎప్పుడు పోతే మంచిగుంటదో జర చూసి చెప్పవా?"

హోటల్ గుల్‌మర్గ్ కొండ కింద టంగ్‌మర్గ్‌లో తీసుకున్నారు. అక్షత ఫోన్‌లో ఆ ఊరి పేరే కొట్టింది. ఈ వారమంతా సూర్యుడి బొమ్మలు. వచ్చే వారం నల్ల మబ్బులు, ప్రతిరోజూ వాన. ఆమె ప్రాణం లేచొచ్చింది. వానలో తడిసి, గదిలో కూర్చుని, మొహమొహాలు చూసుకుని రానీ. ఆ కోటు ఎవరికి చూపించుకుంటుందో చూద్దాం!

"వచ్చే వారం పోన్రి. ఈ వారం బాగలేదు" అంది, కాస్త కూడా తడబడకుండా.

అక్క మాటకు తిరుగేముంది? శ్రుతి ఆ సాయంత్రమే టికెట్లు తీసుకుంది.

వచ్చే వారం రానే వచ్చింది. టంగ్‌మర్గ్‌లో వాన పడుతోందని ఫోన్‌లో చూసి అక్షత ఆ పూట రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తింది. మధ్యాహ్నానికి ఫొటోలు వచ్చాయి. మోకాళ్ల లోతు తెల్లటి మంచు, మధ్యలో ఆ ఎర్ర కోటు, దాని పైన శ్రుతి పళ్లన్నీ. వెనకే ఫోను.

"అక్కా, నీ కాళ్లు మొక్కాలె! కింద హోటల్ కాడ వానే. రోప్‌వే ఎక్కి పైకొస్తే ఆ వానే మంచయి పడుతున్నది, మెత్తగ పిండి తీరు. పోయిన వారం ఎండలు కొట్టి పాత మంచు కరిగి, మళ్ల గడ్డకట్టి రాయి లెక్క ఉండెనంట. వచ్చినోళ్లు జారలేక దెబ్బలు తగిలించుకున్నరంట. ఇక్కడ జారుడు నేర్పే మాస్టరు అడిగిండు, ఇంత మంచి వారం ఎవరు చూసి చెప్పిన్రని. మా అక్కనే అని చెప్పిన!"

అక్షత ఫోన్ పెట్టేసి ఆ ఫొటోలు మళ్లీ చూసింది. ఈ ఊరి వాన ఆ ఊరికి రాదని ఎరిగిన మనిషే, కింద పడే వాన పైకి వెళ్తే ఇంకోటవుతుందని ఎరగదు. ఎట్లా ఎరుగుతుంది? జహీరాబాద్‌లో మేడ మీద పడ్డా వీధిలో పడ్డా వాన వానే. తన చేత్తో తనే యారాలికి విందు వడ్డించింది.

అది చాలదన్నట్టు శాంతమ్మ ఫొటోలు పట్టుకుని పక్కింటి సమీనాకు చూపించి వచ్చింది. "మా పెద్దకోడలు చూసి పంపిన రోజులు" అందట. అక్షతకు ఒళ్లు మండిపోయింది. శ్రుతి మీద ఎంత కోపమో, తనను మోసం చేసిన ఆ మంచు మీద అంత కోపం. పంతం పట్టి ఫోన్‌లో వీడియోలు చూసి మంచు సంగతి నేర్చుకుంది. కొండ కింద సూచన వేరు, కొండ కొన సూచన వేరు. చలి ఎంతో చూస్తే చాలదు, కొత్త మంచు ఎంత పడిందో, దాని మీద గాలి ఎంత వేగంతో వీస్తుందో కూడా చూడాలి. గాలి కొత్త మంచును ఒకవైపుకు తోసి పోగేస్తే, మనిషి అడుగు పడగానే ఆ పోగంతా విరిగి జారిపోతుంది. ఆ వీడియోలు చూస్తూ పొయ్యి మీద పాలు పొంగించింది.

ఆఖరి రోజుకు ముందు సాయంత్రం శ్రుతి మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడొకాయన రేపు పై అంచుకు తోల్కపోతనంటున్నడు. ఎవరూ తొక్కని మంచంట. రేపెట్లుంటదో చెప్పు."

టంగ్‌మర్గ్‌కు సూర్యుడి బొమ్మ ఉంది. అక్షత ఈసారి కొండ కొన చూసింది. రాత్రంతా పెనుగాలి. అక్కడే ఇన్ని రోజులుగా పడ్డ కొత్త మంచు.

"పోకున్రి. పైన గాలి ఉన్నది. మంచు విరిగి పడుతది."

"ఇక్కడ మబ్బు కూడ లేదక్కా."

"కింద లేదు. పైన సంగతి చెప్తున్న."

శ్రుతి పకపకా నవ్వింది. "ఏందక్కా, మేం మస్తు మజా చేస్తున్నమని కుళ్లుకుంటున్నవా?" వెనక పవన్ కూడా నవ్వాడు.

వేళాకోళమే. కానీ అక్షతకు చురుక్కుమంది. పోతే పోనీ, నాకేం, అని ఫోన్ పెట్టేయబోయింది. వేలు ఎర్ర గుర్తు దాకా వెళ్లి ఆగిపోయింది.

"అవును, కుళ్లుకుంటున్న" అంది. "నువ్వు పోతున్నవని తెలిసినప్పటి సంది కుళ్లుకుంటున్న. వానల పడి మీ ట్రిప్పు ఖరాబు కావాల్ననే ఈ వారం పొమ్మన్న. నీ మంచి కోరి కాదు. నాకు మంచు సంగతి అప్పుడు తెల్వదు, అందుకని మీకు కలిసొచ్చింది. ఇప్పుడు తెలుసు. నీ మీద మంట ఇంక తగ్గలే శ్రుతీ, కానీ ఈ మాట మంటతోటి చెప్తలేను. పైకి పోకున్రి."

పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న శాంతమ్మ చేతులు ఆగిపోయాయి. ఫోన్‌లో నవ్వు లేదు.

"పోము" అంది శ్రుతి, అక్కా అనకుండా. ఫోన్ పెట్టేసింది.

శాంతమ్మ కోడలి మొహం చూసింది. "గట్లెందుకు చెప్పినవే? ఇగ ఆమె నీతోని మాట్లాడుతదా?"

"మాట్లాడకుంటే మాయె అత్తమ్మా" అంది అక్షత. "కిందికి దిగొస్తే చాలు."