దేవరాజులు రైలు పాట

చిత్తూరులో ఒకప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రా అంటే దేవరాజులు స్టీలు గిటారే. ఇప్పుడు నాలుగు స్పీకరు పెట్టెలు వరసగా పెట్టి చెవులు చిల్లులు పడేలా వాయించేవాళ్ళకు ఆ రుచి ఏం తెలుసు! బస్సు టాపు మీద సామాను కట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో ఊళ్ళు తిరిగిన రోజులవి. ఎక్కడికి పోయినా జనం ఒక్కటే అడిగేవాళ్ళు: రైలు పాట.

ఆ పాట ఆయన సొంతంగా కట్టుకున్నది. గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ, కుడిచేతి వేళ్ళతో మీటేవాడు. పాకాల జంక్షన్‌లో పాసింజరు కదలడం, కూత పెట్టడం, చంద్రగిరి దాటి తిరుపతికి పరుగు తీయడం, అంతా తీగల మీదే వినిపించేది. ముసలీ ముతకా కూడా లేచి నిలబడేవాళ్ళు.

కూతురు మునిలక్ష్మి పావడా కట్టే వయసు నుంచీ ఒకటే పట్టు. "నా పెండ్లిలో నువ్వు రైలు పాట వాయిస్తేనే నేను స్టేజీ ఎక్కేది నాయనా!"

పందొమ్మిది వందల ఎనభై ఒకటిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల లేచాడు, నడిచాడు, మాట కూడా తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్ళకు మాత్రం పాత వేగం రాలేదు. మునిలక్ష్మి ఇక పాట ఊసెత్తడం మానేసింది. నాయుడుపేట సంబంధం కుదిరినప్పుడు కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే ఆయన గుండెను కోసేసింది. ఏమైనా సరే, బిడ్డ ఆ పాట మీదే నడిచి స్టేజీ ఎక్కాలని పంతం పట్టాడు.

మద్రాసు మూర్ మార్కెట్టులో వెతికి వెతికి పాత ఎకో మిషను ఒకటి తెచ్చాడు. తీగ మీటితే ఆ మోత లోపల తిరిగే టేపులో పడి, రెప్పపాటు ఆగి మళ్ళీ పలుకుతుంది. ఆ ఆగే సమయాన్ని మర తిప్పి తాళానికి సరిపెట్టాడు. ఇక స్వరం విడిచి స్వరం మీటితే చాలు, నడుమ ఖాళీలను మిషనే పూరిస్తుంది. సగం చెయ్యి, సగం టేపు. కలిపి వింటే పాత దేవరాజులే!

వంటింట్లోంచి భార్య వసంతమ్మ తొంగిచూసింది. "ఏందయ్యా, నువ్వొకడివి వాయిస్తే ఇద్దురి సప్పుడొస్తా ఉండాది? లోపల ఇంకెవుడన్నా దూరినాడా?"

"దూరినాడు మే. సగం కూలికొచ్చినాడు" అని చాలాకాలం తర్వాత మనసారా నవ్వాడు.

చిక్కంతా ఢోలక్ వాయించే ఓబయ్యతోనే. మంచివాడే గానీ, జనం చప్పట్లు కొడితే ఒళ్ళు మరిచిపోతాడు.

"ఒరే, మిషనుకు నీ మాదిరి ఊపు రాదు. అది ఒకే నడక నడుస్తాది. నువ్వు పరిగెత్తితే నా గతి అంతే."

"నా సామి ఆన అన్నా! గీత దాటను."

మా చిత్తూరు వైపు రిసెప్షన్ పెళ్ళికి ముందురోజు సాయంత్రమే. తిరుపతిలో కల్యాణ మండపం కిక్కిరిసింది. పెళ్ళికొడుకు ముందే స్టేజీ ఎక్కాడు. మునిలక్ష్మి మండపం వాకిట్లోకి రాగానే దేవరాజులు తీగ మీటాడు. మిషను బదులు పలికింది. రైలు కదిలింది! ఆ పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. నాయుడుపేట వాళ్ళు కుర్చీల్లోంచి లేచారు, కుర్రకారు ఈలలు వేసింది. దేవరాజులుకు పదేళ్ళు వెనక్కి పోయినట్టయింది.

ఆ ఈలలే కొంప ముంచాయి. ఓబయ్య ఊగిపోయాడు. ఢోలక్ ముందుకు ఉరికింది, మిషను వెనకబడింది, నడుమ దేవరాజులు వేళ్ళు ఎటూ అందక తడబడ్డాయి. వంటింట్లో గిన్నెల దొంతర కూలినట్టయింది.

"రైలు పట్టాలు తప్పిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. హాలంతా నవ్వు.

దేవరాజులు తలెత్తి చూశాడు. మునిలక్ష్మి దారి నడుమనే ఆగిపోయింది. నవ్వేవాళ్ళ వైపు చూడటం లేదు. ఆయన వేళ్ళనే చూస్తూ, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గర ఏం దాచాలనుకున్నాడు?

ఎడమచెయ్యి చాచి మిషను ఆపేశాడు. పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి టేపు లేదు, ఆయన చెయ్యి ఒక్కటే. ఒక స్వరం, కాసేపు ఖాళీ, ఇంకొక స్వరం. పాకాలలో కదిలిన బండి కూత పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ పోతోంది. ఓబయ్య తల వంచుకుని అరచేత్తో మెల్లగా తాళం అందుకున్నాడు. నవ్వులు సద్దుమణిగాయి.

హాలు అంత నిశ్శబ్దమయ్యేసరికి ఓబయ్యకు భయం పట్టుకుంది. పక్కకు ఒరిగి గొణిగాడు. "అన్నా, జనం సూస్తా ఉండారు. కొంచిం జోరు పెంచుదామా?"

దేవరాజులు తల ఎత్తలేదు. "వద్దురా. నిదానంగానే పోనీ. నా బిడ్డ ఎక్కిండాది దాంట్లో."

ఢోలక్ ముందున్న మైకు ఆ మాటను మండపమంతా వినిపించింది. నాయుడుపేట వియ్యంకుడు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. మునిలక్ష్మి స్టేజీ వైపు పోకుండా నేరుగా నాయన దగ్గరికి వచ్చి, పట్టుచీర నలుగుతుందని కూడా చూడకుండా ఆయన పక్కన చాప మీద కూర్చుంది. పైన పెళ్ళికొడుకు పూలదండతో ఒంటరిగా నిలబడి ఉన్నాడు, పాపం. రైలు తిరుపతి చేరేదాకా ఆ పిల్ల లేవలేదు.