గాలి తీసే రోజు

దిలావెర్ మోకాళ్ళ మీద కూర్చుని క్లారా కిమ్ వంటింటిని వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్‌కి చెవి ఆనించాడు. లోపల గుడగుడమంటోంది. నీళ్ళున్నాయి గానీ కదలడం లేదు. ఆ ఉజ్బెక్ నగరపు చిలాంజార్ పేటలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం ఇదే. అక్టోబరు చివర గొట్టాల్లోకి వేడినీళ్ళు వదలగానే ఇల్లిల్లూ తిరిగి ఇనుముకు చెవి ఆనించాలి. కుడి చెవి అంచు కాలి కాలి నల్లబడింది. వేళ్ళ సందుల్లో తుప్పు ఏ సబ్బుకీ లొంగదు. ఒంటిమీది నీలం కోటు ఆఫీసు వాళ్ళది, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి.

"రాత్రంతా రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటకలాడాయన్నా," అంది క్లారా.

"గాలి చేరిందమ్మా. పైన ఇరుక్కుంది."

"అంటే, ఆయనింటికి వెళ్ళాలా?"

"వెళ్ళాలి."

పైన నాలుగో అంతస్తులో ఉండే గ్లేబ్ సావిచ్‌ని దిలావెర్ పలకరించడని ఆ మెట్లదారిలో అందరికీ తెలుసు.

పాము పగ పన్నెండేళ్ళంటారు. దిలావెర్ పగకి పందొమ్మిది నిండాయి. అప్పట్లో మెట్లదారి మొత్తానికి ఒక్కటే టెలిఫోను, ఈ పేట కట్టించిన అధికారుల్లో ఒకడైన గ్లేబ్ సావిచ్‌ది. ఒక జనవరి తెల్లవారుజామున అమ్మకి ఊపిరాడక కళ్ళు తేలేస్తుంటే దిలావెర్ వట్టి కాళ్ళతో నాలుగో అంతస్తుకి పరుగెత్తాడు. తలుపు కిందినుంచి దీపం వెలుగు కనబడుతోంది. "ఇది వీధి ఫోను కాదు. వీధి మూలన ఫోను డబ్బా ఉంది, పో," అని లోపలినుంచే గొంతు వినబడింది. డబ్బాలో రిసీవర్ ఎవరో పీకేశారు. మూడు భవంతుల అవతల ఫోను దొరికి, తిరిగొచ్చేసరికి అమ్మ చెయ్యి మంచం పట్టీ మీంచి వేలాడుతోంది.

పగ తీర్చుకోవడానికి అడ్డొచ్చింది గొట్టమే. ఆ భవంతుల్లో ఒక్కడి కోసం ఏదీ కట్టలేదు. కింద కొరియా ఆవిడ క్లారా వంటింట్లో మొదలైన గొట్టం ఉజ్బెక్ వాళ్ళ గదిలోంచి పైకెక్కి, రష్యా ముసలాయన ఇంట్లో మలుపు తిరిగి, పక్క గదుల్లోంచి దిగిపోతుంది. పైన గాలి తియ్యకపోతే ఆ గొట్టం వరుసలోని ఇళ్ళన్నీ మంచే. ఒక ఏడు దిలావెర్ పంతం పట్టి పైకి వెళ్ళలేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. క్లారా చంటిపిల్లకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. గ్లేబ్ సావిచ్ మాత్రం హాయిగా శానిటోరియానికి, సర్కారు వారి ఆరోగ్య విడిదికి, వెళ్ళి వసంతంలో గులాబీరంగు బుగ్గలతో తిరిగొచ్చాడు.

అందుకే ఈ ఆగస్టులో, గొట్టాల మరమ్మతుల పేరు చెప్పి, ముసలాయన గదిలో రేడియేటర్ పక్కగా దిలావెర్ ఒక అడ్డుగొట్టం అతికించాడు. రేడియేటర్ కుళాయి కట్టేసి అడ్డుగొట్టం తెరిస్తే చాలు, వేడినీళ్ళు ఆ ఒక్కణ్ణీ వదిలేసి అందరిళ్ళకీ పోతాయి. దిలావెర్ పెళ్ళాం, కొడుకులు వసంతంలోనే క్రిమియాకి, అమ్మ కాలంలో సర్కారు తమవాళ్ళని వెళ్ళగొట్టిన సొంతగడ్డకి, తిరిగి వెళ్ళి డేరా వేసుకున్నారు. సాయంత్రం ఆరింటికి ఈయన రైలు. కుళాయి తిప్పితే ఇవాళే తిప్పాలి.

మూడో అంతస్తులో ఉజ్బెక్ ఆవిడ ముహబ్బత్ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏం దిలావెర్ అన్నా, పోతూ పోతూ మమ్మల్ని చలికి ఒప్పజెప్పి పోతున్నావా?"

"అందుకేగా పైకి పోతున్నా."

"నీ క్రిమియాలో గొట్టాలకి చెవి పెట్టి ఏం వింటావు?"

"ఇల్లే లేదు, గొట్టాలెక్కడివి?"

"అయితే ఉండిపో. పెళ్ళాం దగ్గర లేకపోతేనేం, వండి పెట్టడానికి మేం లేమూ!" అని పకపకా నవ్వింది.

గ్లేబ్ సావిచ్ చేతికర్రతో తలుపు తీశాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. భుజాల మీద కోటు, దాని మీద శాలువా. "గొట్టాలాయనా! రా, రా. గడ్డకట్టుకుపోతున్నాను," అన్నాడు. పందొమ్మిదేళ్ళ కిందటి గొంతే, పదును మాత్రం పోయింది.

దిలావెర్ రేడియేటర్ చివరి మర వదులు చేసి కింద డబ్బా పెట్టాడు. గాలి బుసలు కొట్టింది. నల్లటి నీళ్ళు చిమ్మాయి, తరవాత తెల్లటి సన్నటి ధార. వరుస పొడుగునా గొట్టం ఒక్కసారి గుర్రుమంది. కింద ముహబ్బత్ "వచ్చింది!" అని కేక పెట్టింది.

ముసలాయన కుర్చీ లాక్కుని రెండు అరచేతులూ ఇనుము మీద ఆనించాడు. "ఆహా," అన్నాడు. "నీ పేరేమిటోయ్? ఎప్పుడూ అడగనే లేదు."

దిలావెర్ గొట్టాల మీదికి వంగాడు. అడ్డుగొట్టం తెరిచాడు. రేడియేటర్ కుళాయి బిర్రుగా కట్టేసి, దాని పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. గుండె దబదబా కొట్టుకుంటోంది, భయంతో కాదు, ఆనందంతో. ముసలాయన అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆగి, ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అనేశాడు. "ఇది వీధి పొయ్యి కాదు, గ్లేబ్ సావిచ్."

ముసలాయన అరచేతులు ఇనుము మీదే ఉన్నాయి.

మధ్యాహ్నందాకా మిగతా భవంతులు తిరిగాడు. మధ్యలో ఒక అరుగు మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తిన్నాడు. ఇన్నేళ్ళలో తిండి అంత రుచిగా ఎప్పుడూ లేదు. ఇవాళ కాళ్ళు, రేపు నడుము, జనవరికి ఊపిరితిత్తులు అని ముసలాయనకి పట్టబోయే చలిని దిలావెర్ వరసగా లెక్కపెట్టుకున్నాడు. రైల్లో పడుకుని కూడా లెక్కపెట్టుకోవచ్చు.

మూడింటికి సామాను కోసం వస్తుంటే క్లారా మెట్ల మీద ఎదురైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గ్లేబ్ సావిచ్ పోయాడన్నా. సూపు ఇద్దామని పన్నెండింటికి వెళ్తే కుర్చీలోనే ఉన్నాడు. గుండె ఆగిందట. నువ్వు వెళ్ళిన పావుగంటకే పోయుంటాడన్నాడు డాక్టరు. చేతులు రేడియేటర్ మీదే పెట్టుకుని, నవ్వుమొహంతో..."

దిలావెర్ కమ్మీ పట్టుకున్నాడు. పావుగంట! అంత ఇనుము చల్లబడడానికి గంట పడుతుంది. తన చేత్తో గాలి తీసి, తన చేత్తో కాచి ఇచ్చిన వెచ్చదనంలో ముసలాడు సుఖంగా దాటిపోయాడు. నోటి దగ్గరి ముద్ద లాక్కుపోయాడు దొంగ!

"కూతురు మూర్మాన్స్క్ నుంచి రావాలి. మూడు రోజులు ఇంట్లోనే ఉంచాలి," అంటోంది క్లారా. శవం ఉన్న గదిలో వేడి ఉండకూడదు. అందుకే ఆ పేటలో ఎవరు పోయినా ముందుగా గొట్టాలాయనకే కబురు వెళ్తుంది. ఆయనొచ్చి వరుసంతా ఆపేస్తే చచ్చినవాడితో పాటు బతికున్నవాళ్ళూ మూడు రోజులు వణకాలి. "నీ కోసం మనిషిని పంపుదామనుకుంటూ రేడియేటర్ ముట్టుకుంటే చల్లగా ఉంది! మా ఇంట్లో చూస్తే వేడి! ముహబ్బత్ ఆ అడ్డుగొట్టం చూపించి ఏడ్చేసిందన్నా. వేసవిలోనే ఇంత ఆలోచించి పెట్టావా? ఆయన ఇవాళో రేపో అని తెలిసి, మాకు చలి లేకుండా, ఆయనకి మర్యాద తప్పకుండా..."

"నేను ఆయన కోసం చెయ్యలేదు," అన్నాడు దిలావెర్.

"తెలుసన్నా. నువ్వు ఏది చేసినా అందరి కోసమే చేస్తావు."

పైనించి ముహబ్బత్ దిగొచ్చింది. పొగలు కక్కే టీ పియాలా ఆయన చేతుల్లో పెట్టి, గౌరవంగా గుండెల మీద చెయ్యి వేసుకుని తల వంచింది. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే అలాగే వంచారు. కాదు, కాదు, చంపుదామనే చేశానని అరవాలనిపించింది. అంత మర్యాద ముందు నోరు పెగల్లేదు.

నాలుగున్నరకి ఆయన ట్రాము ఎక్కాడు. ఆఫీసు కోటు ఇచ్చేశాడు. కుళాయి పిడి అడగడం ఎవరికీ గుర్తు లేదు, ఇవ్వడం ఆయనకీ గుర్తు రాలేదు.

మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద ముహబ్బత్ ఇచ్చిన పియాలా అంచుదాకా నిండుగా, ఎవరూ ఎంగిలి చెయ్యకుండా అలాగే ఉండిపోయింది.