రిజిస్టరులో ఉన్న లెక్కల మాస్టారు

పెళ్లయి నలభై రోజులు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనిపిస్తే నాకు ఇంకా నవ్వొస్తూనే ఉంది. మా ఆయన జిల్లా విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా. పోయినేడు పదో తరగతి ఫలితాల కాగితాలు ఇంటికి తెస్తే, ఇద్దరం నేల మీద పరుచుకుని కూర్చున్నాం. ఆయన చదవడం, నేను రాయడం. మోచేతులు తగిలితే లెక్క తప్పి మళ్లీ మొదటికి.

లెక్కల్లో పాసైనవాళ్లు బస్టాండు పక్క హైస్కూల్లో నూటికి తొంభై నాలుగు. వంతెన అవతలి హైస్కూల్లో ముప్పై ఎనిమిది.

"అది మా బడే," అంది గుమ్మంలోంచి మా ఆడపడుచు. ఈ ఏడే పదిలోకి వచ్చింది. పాలిటెక్నిక్‌లో చేరాలని దాని పట్టుదల. "లెక్కల మాస్టారి మొహం చూసి రెండేళ్లయింది వదినా."

"ఉన్నారుగా, రిజిస్టరులో," అన్నారు మా ఆయన. ఆ మాస్టారి జీతం వంతెన అవతలి బడి పేరునే, పాఠాలు మాత్రం బస్టాండు బడిలో. అక్కడ పిల్లలు ఎక్కువని డెప్యుటేషన్ మీద పంపారట. పోస్టు ఖాళీ కాలేదు కాబట్టి ఇంకొకరు రారు.

"అయితే అడుగుదాం," అన్నాను, డిగ్రీ చదివినదాన్ని కదా. విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ నేనే రాశాను. బాగా కుదిరిందని మురిసిపోయి ఆయనకు రెండుసార్లు వినిపించాను. ఆడపడుచు క్లాసులో ముప్పై రెండు మందీ సంతకాలు పెట్టారు.

పన్నెండు రోజులకు జవాబొచ్చింది. 'సదరు పాఠశాలలో గణిత ఉపాధ్యాయ పోస్టు ఖాళీగా లేదు.'

"అన్నయ్యా, ఇది నువ్వే టైపు చేశావా?"

"అర్జీ నా సీటుకే వచ్చింది."

"సంగతి తెలిసి కూడానా?"

"రిజిస్టరులో ఉన్నదే రాయాలి. పైవాళ్లకు రెండుసార్లు చెప్పి చూశాను. బస్టాండు బడి ఫలితాలు పడిపోతే మాట ఎవరు పడతారన్నారు."

"పోనీ ఆ మాస్టారి ఫొటో అయినా ఇప్పించు. దండం పెట్టుకుని పరీక్ష రాస్తాం."

నేను ఆపుకోలేక నవ్వాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు, ఇక లెక్కలు నేనే చెబుతానని త్రికోణమితి పాఠం తీశాను. నేను చదివింది చరిత్ర. మూడో లెక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పుస్తకం చివర జవాబు ఉంది, దాని దగ్గరికి దారే తెలియలేదు. మా ఆయన కాసేపు వంగి చూసి, చొక్కా మార్చుకోవడానికి వెళ్లారు.

"వదినా, లెక్కలు అక్కర్లేని కోర్సులు ఏమేం ఉన్నాయి? నీకు తెలుసుగా," అంది ఆడపడుచు.

తెలిసినవన్నీ చెప్పాను. నోటుబుక్కులో ఒక్కొక్కటే రాసుకుంది.