ఆరో ఓకే

సొక్ గ్వాంగ్‌హో గారు పంపిన కోడ్ సవరణ మూడంటే మూడు లైన్లు. లాప్‌టాప్ మూసి తెరిస్తే ఒక్కోసారి తెర నల్లగా ఉండిపోతోందని వాడేవాళ్ళు గోల పెడుతున్నారు. తెర మీద బొమ్మ గీయించే గ్రాఫిక్స్ డ్రైవర్‌లో రెండు పనులు ఒకే చోటికి ఒకేసారి జొరబడటంతో వచ్చిన తంటా అది. ఆయన ఆ చోటికి గడియ లాంటిది పెట్టారు. ఒకటి లోపలుంటే రెండోది బయట ఆగుతుంది.

ఆరుగురు చూసి ఓకే కొడితే సవరణ డ్రైవర్‌లో చేరుతుంది. ఐదుగురు అప్పటికే కొట్టేశారు. మిగిలింది టీమ్ లీడర్ బాన్ హేరిమ్. మొన్నమొన్నటి దాకా ఆ కుర్చీ గ్వాంగ్‌హో గారిదే. పైవాళ్ళు ఆయన్ని దింపేసి, కిటికీ పక్క బల్ల చూపించి, మళ్ళీ కోడ్ రాసుకోమన్నారు. అలా అన్నారంటే మర్యాదగా రాజీనామా ఇచ్చి వెళ్ళమని అర్థం, కొరియా సాఫ్ట్‌వేర్ కంపెనీల అడ్డా పాంగ్యోలో ఎవర్నడిగినా చెబుతారు. యాభై దాటిన మనిషికి ఎంత అవమానం!

హేరిమ్ ఆ మూడు లైన్లూ చదివింది. మధ్యలో మానిటర్ కేబుల్ ఊడితే ప్రోగ్రాం వేరే దారిన బయటికి వచ్చేస్తోంది, గడియ మాత్రం తియ్యట్లేదు. లోపల గడియ పెట్టుకున్నవాడు కిటికీలోంచి దూకి పోయినట్టన్నమాట. ఇక కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోవాల్సిందే.

"దోయున్, నువ్వు ఓకే కొట్టావు కదా, చదివావా?" అని పక్క బల్ల ఇంజనీరును అడిగింది.

"అయ్యో మేడమ్, సొక్ సార్ కోడ్‌లో నేను తప్పులు వెతకడమా! కళ్ళు పోతాయి."

"తప్పుంది."

దోయున్ గొంతు తగ్గించాడు. "అయినా సరే ఓకే కొట్టెయ్యండి. రేపు మనమే చప్పుడు చెయ్యకుండా సరిచేసేద్దాం. అందరూ చూసేచోట తప్పుందని రాశారనుకోండి, పైవాళ్ళకి సాకు దొరికినట్టే. ఆయన ఉద్యోగం పోతుంది, పాపం."

మర్యాదంటే ఇదేనట వీళ్ళకి, చదవకుండా తలూపడం! హేరిమ్‌కి ఒళ్ళు మండింది. అయినా వేలు ఓకే దగ్గరే ఆగిపోయింది. తను కొత్తగా చేరినప్పుడు రాసిన మొదటి సవరణను ఈయనే చీల్చి చెండాడారు. బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చింది. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఆయన ప్రతి లైనూ చదివారని తర్వాత తెలిసింది. అంతకుముందు ఆమెను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

రాసేసింది. "కేబుల్ ఊడిన దారిలో గడియ తియ్యలేదు. మళ్ళీ చూడండి సార్."

ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగింది. గ్వాంగ్‌హో గారు బార్లీ టీ కప్పుతో నేరుగా ఆమె దగ్గరికి వచ్చారు. దోయున్ తల ఎత్తితే ఒట్టు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే సార్. క్షమించండి."

"క్షమించడమేంటి, పిచ్చిదానా!" ఆయన కప్పు ఆమె బల్ల మీద పెట్టారు. "ఈ టీ చల్లారేలోపు ఐదుగురు ఓకే కొట్టేశారు. ఎవ్వరూ చదవలేదు. నన్నిక మనిషిగా లెక్కెయ్యట్లేదు, సాగనంపేస్తున్నారు అనుకున్నాను. సాయంత్రం రాజీనామా ఇచ్చేద్దామనే కూర్చున్నా."



ఆయన పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఊఁ, ఇంకేం తప్పులున్నాయో చెప్పు. మొహమాటపడకు."

"ఒకటుంది సార్. మీరు కింద రాసిన వివరణ ఎవరికీ అర్థం కాదు."

"అప్పట్లో నేను నిన్ను అన్న మాటేగా ఇది!"

"అవును సార్. ఆ రోజు ఏడ్చాను కూడా."

"నేను ఏడవనులే," అన్నారాయన, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.