ఎడమ మలుపంటే నాకు భయం

నేను ఒక సైడ్‌కారును. మోటారు సైకిలుకు ఎడమ పక్కన ఒంటి చక్రంతో, తొట్టెలాంటి ఒంటితో వేలాడుతూ పోయేదాన్ని. ఇంజను నాది కాదు, బ్రేకు నాది కాదు, హ్యాండిలు అసలే నాది కాదు. ఎక్కడికి పోతున్నామో నన్నెవరూ అడగరు. ఇలాంటి బతుకులో ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? నేను పుట్టు పిరికిదాన్ని. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం.

రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో నన్ను చేశారు. నా మొదటి యజమాని సినిమా హాలు ఆయన. ఒకే సినిమా రెండు హాళ్లలో ఆడేది. ఒక హాల్లో తిరిగిన రీళ్లు వెంటనే రెండో హాలుకు చేరాలి. ఆలస్యమైతే జనం ఈలలతో ఆగరు, కుర్చీలు విరగ్గొడతారు. అందుకని నన్ను తోలేవాడు యముడు తరుముతున్నట్టే తోలేవాడు. నేను దారంతా దేవుళ్లందరినీ తలుచుకునేదాన్ని. అయినా ఒక్కనాడూ నా చక్రం నేల వదల్లేదు. ఆ ఇనప పెట్టెల బరువు నన్ను అణిచిపెట్టి ఉంచేది. అది నా అదృష్టమని అప్పట్లో తెలియక బరువు బరువని సణుక్కునేదాన్ని.

తర్వాత రెండు హాళ్లకూ వేరువేరుగా రీళ్లు రావడం మొదలైంది. నన్ను విప్పి జిలానీ అనే మెకానిక్కు ఇచ్చేశారు. ఆయన షెడ్డు వెనక తుమ్మ చెట్టు కింద బోర్లా పడి ఉన్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉండేది. తుప్పు పడితే పట్టింది గానీ, ప్రాణభయం లేదు.

ఆ హాయి త్రిమూర్తులు వచ్చేదాకానే. ఆయనది గోకవరం, ఫొటోలు తీస్తాడు. భార్య నాగరత్నం పురిటికి చింతూరులో పుట్టింటికి వెళ్లింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ తీసుకురావాలి. మధ్యలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు. బస్సెక్కితే నాగరత్నం మలుపు మలుపుకూ వాంతి చేసుకుంటుంది. చంటిబిడ్డతో మోటారు సైకిలు వెనక కూర్చోవడం కుదిరే పని కాదు. "నా కూతురు నా బండిలోనే వస్తాది" అని త్రిమూర్తులు ఊరంతా చెప్పుకున్నాడు. మనుషులు భయపడినప్పుడు గొంతు పెంచుతారు. ఈయన ఆ మాట చాలా గట్టిగా అన్నాడు.

జిలానీ నన్ను తిరగేసి, తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేశాడు. నాలుగు చోట్ల బోల్టులు బిగించి బండికి కట్టాడు. నేల మీద దారం లాగి, నా చక్రం ముందు భాగాన్ని వేలెడంత బండి వైపుకు తిప్పాడు. బండిని నాకు దూరంగా కొద్దిగా ఒరగనిచ్చాడు. మనిషి కూర్చుంటే నిటారుగా అవుతుందట. మధ్యలో ఒకసారి పానా జారితే నేను అదిరిపడ్డాను, ఆయన మాత్రం పాట ఆపలేదు.

అసలు గండం తోలడం నేర్చుకునేటప్పుడు. త్రిమూర్తులు పదేళ్లుగా మోటారు సైకిలు నడిపినవాడు. మలుపు వస్తే ఒంటిని వంచడమే తెలుసు. నేను పక్కనుండగా బండి ఎలా వంగుతుంది? యాక్సిలరేటరు తిప్పి గ్యాసు పెంచితే బండి నా వైపుకు లాగింది, బ్రేకు వేస్తే కుడి వైపుకు తిరిగింది. మొదటి రోజు నన్ను తీసుకెళ్లి పాకలో ఉన్న గేదె ముందు నిలబెట్టాడు. గేదె, నేను ఒకరినొకరం చూసుకుని బెదిరిపోయాం.

"ఇది వంచే బండి కాదు సార్, తిప్పే బండి. ఎడమ మలుపులో జాగర్త. తొట్టి ఖాళీగా ఉంటే గాల్లోకి లేస్తాది. లేచిందనుకోండి, బ్రేకు నొక్కొద్దు. గ్యాసు తగ్గించి, హ్యాండిలు కాస్త కుడికివ్వండి, దిగిపోద్ది" అన్నాడు జిలానీ.

ఒక గోనె బస్తా నిండా ఇసుక పోసి, నా సీటు మీద పెట్టి తాడుతో కట్టాడు. మనిషి లేనప్పుడు ఆ బస్తా ఉండి తీరాలన్నాడు. ఆ బరువు మీద పడగానే నాకు సినిమా పెట్టెలు గుర్తొచ్చి కన్నీళ్లొచ్చినంత పనైంది.

కానీ త్రిమూర్తులు తల్లి మాణిక్యమ్మకు ఆ బస్తా నచ్చలేదు. బండి పూజ రోజున మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టింది, మూడు మంచిది కాదని నాలుగోది నా ముక్కుకు కట్టింది. ఆవిడ కూడా నాలాంటిదే. ప్రతిదానికీ బెదురుతుంది, ప్రతి బెదురుకూ ఒక మందు కనిపెడుతుంది.

"పసిగుడ్డు కూచునే చోట మట్టి మూటేంట్రా? కాటికి తీసుకెళ్తున్నట్టు!"

"బరువు కోసమే అమ్మా. నువ్వూరుకో."

ఆవిడ ఊరుకుంది. ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం, కొడుకు కునుకు తీస్తుండగా నా దగ్గరికి వచ్చింది. బస్తా మూతి విప్పి, ఇసుకంతా చేటలోకి ఎత్తి దొడ్లో పోసింది. బదులుగా ఊక కుక్కింది. అందులో ఒక పసుపుకొమ్ము వేసి, పసుపు దారంతో మూతి కుట్టేసింది. "ఇప్పుడు మెత్తగా కూడా ఉంది" అని బస్తాను తట్టింది. చూడటానికి మునుపటిలాగే ఉంది. అమ్మా, ఆ ఊక నీ కొడుకు ప్రాణం తీస్తుందమ్మా అని అరవాలనుకున్నాను. రేకుకు నోరెక్కడిది?

తెల్లారి త్రిమూర్తులు తాడు ఒకసారి లాగి చూశాడు. బిగువుగానే ఉంది. బయల్దేరాం. "ఇవాళ బండి భలే హుషారుగా ఉందే" అన్నాడు గోకవరం దాటగానే. ఆ హుషారు నా ఖాళీతనమని నాకు తెలుసు. రంపచోడవరం దాకా ప్రతి గతుకులోనూ నా చక్రం టప్పున లేచి పడుతూనే ఉంది. వెనక్కి పోదామంటే వినేవాడు లేడు, ముందుకు పోతే ఘాట్ రోడ్డు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి.

ఘాట్‌లో మొదటి మలుపులు కుడికి తిరిగాయి, బతికిపోయాం. ఆ తర్వాత ఎడమకు ఒక పెద్ద మలుపు వచ్చింది. ఎడమ పక్కన కొండ, కుడి పక్కన లోయ. బండి తిరిగింది. నా చక్రం నేల వదిలింది.

ఆ క్షణం ఎలా చెప్పను? కింద రోడ్డు లేదు. నేను పైకి పైకి లేస్తున్నాను. త్రిమూర్తులు నా వైపు చూశాడు, ఆ మొహంలో రక్తం లేదు. పాత అలవాటుగా ఇంకా ఎడమకు తిప్పాడు. నేను ఇంకా లేచాను. అప్పుడే ఎదురుగా బస్సు హారను మోగింది. హ్యాండిలు కుడికివ్వాలి, కుడివైపు బస్సుంది. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు.

అతను గ్యాసు వదిలేసి, ఒళ్లంతా నా మీదకు వాల్చాడు. బస్తాను కావలించుకుని, ఒక్క చేత్తో హ్యాండిలు బెత్తెడు కుడికి ఇచ్చాడు. బస్సు మమ్మల్ని రాసుకుంటూ, అతని మోచేతిని గీరుకుంటూ పోయింది. నేను దబ్బున నేల మీద పడ్డాను. నేల అంత తియ్యగా ఉంటుందని ఆనాడే తెలిసింది.

త్రిమూర్తులు దిగి స్టాండు వేయబోయాడు. మూడు చక్రాల బండికి స్టాండుతో పనిలేదని కూడా గుర్తులేదు. తర్వాత బస్తాను ఎత్తి చూశాడు. ఒంటి చేత్తో లేచింది. మూతి కుట్టిన పసుపు దారం చూశాడు. ఆ దారం ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. "అమ్మా, ఎంత పని చేశావే" అని రోడ్డు పక్కన కూలబడి, నవ్వాడో ఏడ్చాడో, రెండూ చేశాడు. ఊక వాగులో పోసి, వాగు రాళ్లతో బస్తా నింపాడు. పసుపుకొమ్ము మాత్రం మళ్లీ లోపల వేసి, ఆ దారంతోనే కట్టాడు.

చింతూరులో మావగారు నన్ను చూసి, "ఇదేంటల్లుడూ, ఉయ్యాలకి చక్రం కట్టుకొచ్చావా?" అని నవ్వారు. నాగరత్నం బిడ్డనెత్తుకుని ఎక్కి కూర్చుంది. కాళ్ల దగ్గరకు జరిపిన బస్తాను తడిమింది.

"రాళ్లేంటండీ ఇందులో?"

"బరువు కోసం."

"మీ చేతులు వణుకుతున్నాయేంటి?"

"చలికి" అన్నాడు ఎండలో నిలబడి. మళ్లీ గొంతు పెంచాడు.

ఆ మలుపు దగ్గరకు వచ్చేసరికి అతను నడిచేవాడి కంటే మెల్లగా తోలాడు. ఈసారి అది కుడి మలుపు. అయినా నేను భయంతో బిగుసుకుపోయాను. నా ఒళ్లో ఆ బిడ్డ బొటనవేలు చప్పరిస్తూ నిద్రపోయింది.

ఇంటి దగ్గర మాణిక్యమ్మ ఎర్రనీళ్లు దిగదుడిచి, మనవరాలి బుగ్గలు పుణికి, అలవాటుగా బస్తా మీద చెయ్యి వేసింది. చేతికి రాళ్లు తగిలాయి. కొడుకు మోచేతి మీద గీరుకుపోయిన చర్మం చూసింది. ఎర్రనీళ్ల పళ్లెం చేతిలో ఒలికిపోయింది.

మర్నాడు త్రిమూర్తులు పెళ్లి ఫొటోలకు బయల్దేరుతుంటే ఆవిడ వచ్చి నాలో ఎక్కింది. రిక్షా ఎక్కాలన్నా దణ్ణం పెట్టుకునే మనిషి.

"ఎక్కడికే?"

"నువ్వెక్కడికెళ్తే అక్కడికి. బరువు కావాలన్నావుగా, నేను లేనేంటి?"

రాళ్ల బస్తా ఉందని ఎంత చెప్పినా దిగలేదు. ఆ రోజు నుంచీ సీటు ఖాళీ అయితే చాలు, ఆవిడే. రెండు చేతులతో నా అంచులు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకునేది. ఆవిడ వణుకు నా రేకుల్లోకి పాకేది, నా వణుకు ఆవిడలోకి. ఎడమ మలుపు వస్తే కొడుకు, "ఎడమకమ్మా, గట్టిగా పట్టుకో!" అని అరిచేవాడు. ఆవిడ ఒళ్లంతా ఎడమకు వాల్చి కూర్చునేది. పిరికివాళ్లం ఇద్దరం కలిసి అతణ్ణి అలా నేల మీద ఉంచాం.

మాణిక్యమ్మ పోయాక మళ్లీ రాళ్ల బస్తానే నాలో కూర్చుంది. పదోరోజు దాటాక త్రిమూర్తులు మొదటిసారి ఒంటరిగా బయల్దేరాడు. ఊరి చివర కాలవ దగ్గర ఎడమ మలుపు. నాకు ఎప్పటి భయమే.

"ఎడమకమ్మా, గట్టిగా పట్టుకో" అన్నాడు త్రిమూర్తులు. ఈసారి గొంతు పెంచలేదు.

నా చక్రం నేల వదల్లేదు.