ఆపుకున్నందుకు స్టార్లు

కుళాయి కింద మూడో చెడ్డీ ఉతుకుతోంది మహేశ్వరి. పొద్దున్న ఇంకా తొమ్మిది కాలేదు, అప్పుడే మూడు. సబ్బు పెట్టి రుద్దింది, జాడించింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వాసన పోలేదు. మామూలు ఉచ్చ వాసన కాదది, ఘాటుగా, ఏదో మురిగినట్టు ఉంది. రొయ్యల కంపెనీలో ఆరేళ్ళుగా తలలు తీస్తున్న మనిషి, ఏ సరుకు మంచిదో ఏది పాడైందో చూడకుండానే చెప్పగలదు. కూతురి చెడ్డీ దగ్గర మాత్రం తన ముక్కుని తనకే నమ్మబుద్ధి కాలేదు.

గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మొగుడు చందు తల ఎత్తకుండానే అన్నాడు.

"ఐదేళ్ళొచ్చేసినాయి. ఇంకా ఆపుకోడం నేర్పనేదేటే దానికి?"

మహేశ్వరి చెడ్డీకి ఇంకోసారి సబ్బు పెట్టింది. పోర్టులో కాంట్రాక్టు పని చేసే మనిషికి ఆదివారం ఒక్కటే సెలవు, ఆ పూట అతన్ని ఏమీ అనకూడదని అత్తగారి రూలు. తనూ వారానికి ఆరు రోజులు షిఫ్టుకెళ్తుంది గానీ, ఆడదాని అలసట బట్టలుతికితే పోతుందని ఆ ఇంట్లో ఒక గట్టి నమ్మకం.

అయినా నేర్పకపోవడమేమిటి. ఆపుకోవడం నేర్చుకోని ఆడది ఆ ఇంట్లో లేదు. అత్త అప్పాయమ్మ ముప్పై ఏళ్ళు చేపల బుట్ట మోసింది. చీకటితో హార్బరుకెళ్ళి, వేలంలో చేపలు పట్టుకుని, వీధి వీధీ తిరిగి అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. "సుక్క నీళ్ళు ముట్టీదాన్ని కాదు. నీళ్ళు తాగితే మరి ఎల్లాల. బుట్ట ఎవలి గుమ్మంలో ఎట్టి ఎల్తాను?" అని మెడలో గొలుసు చూపించుకున్నంత గొప్పగా చెప్పుకుంటుంది. ఇక మహేశ్వరి పని దువ్వాడ అవతల. తెల్లవారి ఐదుకి కంపెనీ బస్సు. పాతికమంది ఆడవాళ్ళ లైనుకి రెండే టోకెన్లు. ఒంటికి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ దగ్గర టోకెన్ తీసుకోవాలి, అతను గడియారం చూసి టైము రాస్తాడు, లైను మొత్తం వినేలా పేరు పిలిచి రాస్తాడు. వెళ్ళేముందు గౌను విప్పాలి, టోపీ విప్పాలి, గమ్‌బూట్లు విప్పాలి. తిరిగొచ్చాక అవన్నీ మళ్ళీ తొడుక్కుని, మందు నీళ్ళలో చేతులు ముంచుకుని నిలబడాలి. ఇంత భాగోతం కన్నా మానెయ్యడమే సుఖమని అందరూ మానేశారు. జనవరిలో ఒక్కసారి కూడా టోకెన్ అడగనందుకు మేనేజరు మహేశ్వరికి స్టీలు క్యారేజీ బహుమతి ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టుకుంది.

కూతురు దేవిశ్రీది యూకేజీ. ఆ బళ్ళో గోడకి ఒక చార్టు ఉంటుంది. గోళ్ళు కత్తిరించుకొస్తే ఒక స్టారు, హోంవర్కు చేస్తే ఒక స్టారు, మధ్యాహ్నం భోజనం గంట దాకా బాత్రూమ్‌కని అడక్కుండా కూర్చుంటే ఒక స్టారు. చిన్న క్లాసుల వాళ్ళు నేల తడిపేస్తున్నారని బాత్రూమ్‌కి తాళం వేసి, అడిగినప్పుడే ఆయా తీస్తుంది. అడిగితే స్టారు పోతుంది. మొదటి వారం దేవిశ్రీ ఏడుస్తూ ఇంటికొచ్చింది. సన్నీకి ఐదు స్టార్లు, తనకి ఒకటే. అప్పుడు మహేశ్వరి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. "పొద్దున్న నీళ్ళు తాగకమ్మా. వచ్చినట్టుంటే మడమ మీద గట్టిగా కూర్చో. సిన్నప్పుడు అమ్మ అలగే కూసునేది." పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసింది. వరసగా ఇరవై రెండు స్టార్లు తెచ్చింది.

సోమవారం పొద్దున్న పిల్ల ఒళ్ళు కాలిపోయింది. చలితో వణికింది, తాగిన పాలు కక్కేసింది, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. పోసుకునేటప్పుడు మండుతోందని ఏడ్చి, ఆ మంటకి భయపడి అసలు పొయ్యనంది. అప్పాయమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిగదుడిచింది. "వేడి సేసిందే. మజ్జిగ పొయ్యి. ఆడపిల్లకి అక్కడ మంటని నలుగురికీ సెప్పకు."

పోయిన నెలా ఇలాగే అయింది. అప్పుడు వీధి చివర ఆరెంపీ డాక్టరు మందు ఇచ్చి వారం రోజులు వెయ్యమన్నాడు. మూడో రోజుకి జ్వరం దిగింది. "తగ్గిపోనాక ఇంకెందుకే మందు, పిల్ల పొట్ట పాడైపోద్ది" అన్నాడు చందు. మానేసింది. మొగుడు చెప్పాడని కాదు, పని ఒకటి తగ్గిందనే మానేసింది. ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. బస్సు వెళ్ళిపోతే వెళ్ళిపోయిందని పిల్లని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది.

పిల్లల డాక్టరు శ్రీవల్లి యూరిన్ టెస్టుకి రాసింది, కిడ్నీలకి స్కానింగ్ చేయించింది. కాగితాలు చూసి పిల్లని దగ్గరికి పిలిచింది.

"బళ్ళో ఒంటికి ఎన్నిసార్లు వెళ్తావమ్మా?"

"వెళ్ళను" అంది దేవిశ్రీ. జ్వరంలో కూడా మొహం విప్పారింది. "నాకు ఇరవై రెండు స్టార్లు."

డాక్టరు మహేశ్వరి వైపు చూసింది. "మరి మీరు? డ్యూటీలో ఎన్నిసార్లు వెళ్తారు?"

నాకేం జబ్బు, నన్నెందుకు అడుగుతుంది అనుకుంది మహేశ్వరి. నోరు మాత్రం నిజమే చెప్పేసింది. "ఇంటికాడే మేడమ్. తెల్లారొకసారి, సాయంత్రం వచ్చినాక ఒకసారి."

డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా వివరంగా చెప్పింది. మూత్రం గంటల తరబడి లోపల నిలవుంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి, అవి పైకి పాకి కిడ్నీ దాకా వెళ్తాయి. చిన్నపిల్లల కిడ్నీ మీద అలా మచ్చ పడితే ఇక పోదు. ఈసారికి స్కానింగ్‌లో ఏమీ లేదు, అదృష్టం. పది రోజులు మందు, జ్వరం తగ్గినా ఒక్క పూట మానడానికి లేదు. నీళ్ళు బాగా తాగాలి. కడిగేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడగాలి. రెండు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, ఒంటికి పంపించాలి. "మందు సంగతి మీ చేతిలో ఉంది. ఈ చివరిది బడి చేతిలో ఉంది. అది జరక్కపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అంది.

నాలుగో రోజుకి జ్వరం పూర్తిగా పోయింది. చందు అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. "తగ్గిపోనాది కదా, ఇంక సాల్లే."

"పది రోజులు" అంది మహేశ్వరి, చెంచాలో మందు పోస్తూ.

"రెండు గంటలకోసారి లేచి ఎల్తే సదివీదెప్పుడే? నవ్విపోతారు. మా అమ్మ ముప్పయ్యేళ్ళు..."

"మీ అమ్మనే అడుగుదాం." ఆమె చెంచా పక్కన పెట్టి, అరుగు మీద ఉల్లిపాయలు ఒలుస్తున్న అప్పాయమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. "అత్తా, నిజం సెప్పు. నీకెప్పుడూ మండనేదా?"

అప్పాయమ్మ ఉల్లిపాయ ఒలవడం ఆపలేదు. ఒక్కో పొరా తీస్తూ పోయింది. చివరికి అంది. "ఎందుకు మండదే. రెత్తం కూడా పడీది. మీ మావకి సెప్పినేదు. ఈడికి సెప్తానేటి? నడుం పట్టేసి లెగనేక బుట్ట మానేసినాను, ముసిల్దాన్నయిపోనానని మానేసినానని అందరికీ సెప్పినాను." ఒలిచిన ఉల్లిపాయ గిన్నెలో వేసింది. "ఇస్కూలుకెల్లి అడుగు. నాను అడగనేదు, నువ్వడుగు."

చందు ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అతనికి ఇలాంటి మాటలు వినే అలవాటు లేదు.

ఆ పై సోమవారం మహేశ్వరి మళ్ళీ షిఫ్టు మానేసింది. వారం రోజుల్లో ఇది ఎన్నో మానేయడమో సూపర్‌వైజర్ ఫోన్‌లో వివరంగా చెప్పాడు. విని పెట్టేసింది. దేవిశ్రీని క్లాసులో దింపి, ప్రిన్సిపాల్ వచ్చేదాకా గంటన్నర పైగా కాచుకుని ఆయన గదికెళ్ళింది. మూడంతస్తుల ఇంటిని మార్చి పెట్టిన బడి అది, ప్రిన్సిపాల్ నరసింహమూర్తిగారిది మెట్ల కింద చిన్న గది. మంచి మనిషే, పిల్లల పేర్లన్నీ ఆయనకి గుర్తు. డాక్టరు రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేశాడు.

"చూడండమ్మా, మీ పాపకి పర్మిషన్ ఇస్తే అందరూ అడుగుతారు."

"అందరికీ వస్తాది కాబట్టే అడుగుతారు సార్."

"అలా కాదమ్మా. ఉన్నది ఒక్క ఆయా. క్లాసు జరుగుతుంటే ఎంతమందిని తిప్పుతుంది? పైగా ఆడపిల్లలు, చిన్నప్పట్నుంచీ కంట్రోల్ అలవాటవ్వాలి. పెద్దయ్యాక వాళ్ళకే మంచిది."

మహేశ్వరికి ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళ నుంచో అరికాలి దాకా అణిచి పెట్టుకున్న మంట అది, ఈ పూట ఎవరు చెప్పినా దిగేలా లేదు. "నాను పెద్దయ్యాను సార్. నాకేటీ మంచి జరగనేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేనేజ్‌మెంటుతో మాట్లాడతానన్నాడు, వచ్చే పేరెంట్స్ మీటింగులో పెడదామన్నాడు. పిల్ల కిడ్నీ ఆ మీటింగు దాకా ఆగుతుందో లేదో ఆయన చెప్పలేదు. ఆమె గోడ గడియారం చూసింది. పిల్లలు వచ్చి రెండు గంటలైంది. లేచి మెట్లెక్కింది.

యూకేజీ తలుపు తీసే ఉంది. టీచరమ్మ బోర్డు మీద ఏదో రాస్తోంది. మహేశ్వరి గుమ్మంలోనే నిలబడి మామూలు గొంతుతో అడిగింది.

"అమ్మలూ, అయ్యలూ, ఎవరెవరికి ఒంటికొస్తంది?"

పిల్లలు టీచరు మొహం చూశారు, తర్వాత చార్టు చూశారు. వెనక బెంచీలో ఒక చిన్న చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. సన్నీ లేచి నిలబడే పోయాడు. టీచరమ్మ చాక్‌పీసు పట్టుకుని లెక్కపెట్టుకుంటూ ఉండగానే పద్నాలుగు చేతులు లేచాయి. ముప్పైమంది పిల్లల్లో పద్నాలుగుమంది, ఏ నిమిషం చూసినా ఇలా బిగపట్టుకుని ఏబీసీడీలు నేర్చుకుంటున్నారు.

దేవిశ్రీ చెయ్యి ఎత్తలేదు. రెండో వరసలో మడమ మీద కూర్చుని ఉంది, మొహం ఎర్రగా కందిపోయి.

"రా అమ్మా."

"స్టారు పోద్ది."

"పోనీ."

పిల్ల కదల్లేదు. అందరూ వింటున్నారని సిగ్గుపడుతూనే, గట్టిగా అంది. "నువ్వే సెప్పినావు కదమ్మా, ఆపుకోమని."

మహేశ్వరి చుట్టూ చూసింది. టీచరు ఉంది, వెనక మెట్ల మీద ఆయాసపడుతూ వచ్చిన నరసింహమూర్తిగారు ఉన్నారు. ఇంటికెళ్ళాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పొచ్చు. కానీ పిల్ల నలుగురిలో అడిగింది, నలుగురిలోనే చెప్పాలి.

"తప్పు సెప్పినానమ్మా. నాకు తెలీక తప్పు నేర్పినాను. ఒంటికొస్తే ఆపుకోకూడదు. ఎవరు స్టారిచ్చినా ఆపుకోకూడదు, అమ్మ సెప్పినా ఆపుకోకూడదు."

దేవిశ్రీ చార్టు వైపు చూసింది. తర్వాత ఒంటి కింద నుంచి మడమ తీసి, లేచి, సన్నీ వెనకాల నిలబడింది.

ఆయా చిలకమ్మ తాళం తీసింది. ఎవరి అనుమతీ అడక్కుండా తీసింది. పదిహేను మంది పిల్లలు గోడ పక్కన వరసగా నిలబడ్డారు. మహేశ్వరి ఒక్కొక్కరినీ లోపలికి పంపి, ఆడపిల్లలకి ఎలా కడుక్కోవాలో చూపించి, చేతులు కడిగించి బయటికి పంపింది. మధ్యలో చందు ఫోన్ చేశాడు. బడి నుంచి అతనికి కబురు వెళ్ళింది.

"ఏటే సేత్తన్నావు అక్కడ? పరువు తీసేత్తన్నావు."

"పిల్లల్ని ఒంటికి పంపతన్నాను. పరువు సంగతి సాయంత్రం మాటాడుదాం."

చిట్టచివర దేవిశ్రీ. లోపల చాలాసేపు ఉండి బయటికొచ్చి, తల్లి చీరకి చేతులు తుడుచుకుని, "మండనేదమ్మా" అని క్లాసుకి పరిగెత్తింది. మహేశ్వరి గోడకి ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

నరసింహమూర్తిగారు వరండాలోనే ఉన్నారు. కోపమా, మొహమాటమా ఆయనకే తెలిసినట్టు లేదు. "రేపు కూడా వస్తారేంటమ్మా ఇలా?"

"మీరు తాళం తీస్తే రాను సార్. తీయకపోతే ఈ పదిహేనుమంది అమ్మల్నీ తీసుకొస్తాను. అందరి ఫోన్ నంబర్లూ క్లాసు గ్రూపులో ఉన్నాయి."

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడు తెలిసింది మహేశ్వరికి, తెల్లవారి నాలుగున్నర నుంచి తనూ వెళ్ళలేదని. పొత్తికడుపు రాయిలా ఉంది. ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా ఇంటికెళ్ళాకే చూసుకుంటోంది.

"సార్, ఈ తలుపు గడియ లోపల్నుంచి సరిగ్గా పడదు, పిల్లలతో సూసినాను" అంది. "కాస్త తలుపు కాడ నిలబడండి. నానూ ఎల్లొత్తాను."

ప్రిన్సిపాల్‌గారు అటు తిరిగి తలుపుకి కాపలా నిలబడ్డారు. మహేశ్వరి లోపలికెళ్ళి, ఏ మాత్రం తొందరపడకుండా కూర్చుంది.