అక్క పేరున సర్టిఫికెట్టు

చచ్చిపోయి అయిదు నెలలైన అక్క పేరును మైకులో పిలవగానే చెల్లెలు తల దించేసుకుంది.

రాళ్ళు పిండిచేసే క్రషర్ పక్కన రేకుల హాల్లో సభ జరుగుతోంది. కంకర మోసే ఆడవాళ్ళంతా బెంచీల మీద ఒదిగి కూర్చున్నారు. వేదిక మీద ఒక సేవాసంస్థ కార్యదర్శి, ఆయన బావగారైన క్రషర్ యజమాని, వాళ్ళ మధ్యలో ఆ సంస్థకు గ్రాంటు డబ్బు మంజూరు చేసిన చోటు నుంచి వచ్చిన అధికారి ఉన్నారు. రాతిదుమ్ము నుంచి ప్రాణం కాపాడుకోవడం ఎలాగో మూడు నెలలు నేర్చుకున్నందుకు కూలీలకు సర్టిఫికెట్లు పంచుతున్నారు. ఆ శిక్షణ ఒక్క పూట కూడా జరగలేదు.

రెండోసారి పిలిచారు. మేస్త్రీ బెంచీల సందులోంచి వచ్చి చెల్లెలి చెవి దగ్గర వంగాడు.

"నువ్వెళ్ళవే. ఇద్దరిదీ ఒకటే పోలిక. ఎవరికి తెలుస్తుంది?"

"మా అక్క పోయింది కదయ్యా!"

"పోయిందని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పెద్దాయనకి తెలియాలా? రేపు పనిలోకి రావాలని ఉందా, లేదా?"

చెల్లెలు లేచింది. వేదిక ఎక్కింది. అధికారి నవ్వుతూ సర్టిఫికెట్టు చేతిలో పెట్టి, "బాగా నేర్చుకున్నారా అమ్మా?" అని అడిగాడు. తలూపింది. ఫోటో తీశారు. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని బట్టల అడుగున దాచింది గానీ అక్క కూతురు కంటబడనే పడింది. ఆ పిల్ల మూడో తరగతి. తల్లి పోయినప్పటి నుంచీ పిన్ని దగ్గరే పెరుగుతోంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఇది అమ్మ పేరు కదా! దుమ్ములో ఎలా ఉండాలో అమ్మకి నేర్పించారా పిన్నీ?"

చెల్లెలు కాగితం లాక్కుని మడతపెట్టింది.

"నేర్పిస్తే మరెందుకు చచ్చిపోయింది?"

ఆ రాత్రి గడిచి తెల్లారింది గానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. క్రషర్ దగ్గర దుమ్ము కమ్మితే మనుషుల జుట్టూ, కనుబొమలూ, చేతులూ అన్నీ ఒకే తెల్లరంగుకు తిరుగుతాయి. ముందు తట్ట మోస్తూ వెళ్ళే ప్రతి ఆడమనిషీ చెల్లెలికి అక్కలాగే అనిపించేది. నాలుగడుగులు గబగబా వేసి పక్కకు చేరేది. తీరా చూస్తే ఇంకెవరో. హాజరు వేయించుకునే గదిలో గోడకు సభ ఫోటో పెద్దది చేసి అంటించారు. కింద అక్క పేరు. అందులో ఉన్నది తానే. అయినా చూసిన ప్రతిసారీ అక్కే కనిపించేది, చేసినదానికి ఒక్క మాట కూడా అనకుండా ఊరికే చూస్తూ.

వారం తిరిగేసరికి ఇక మోయలేకపోయింది. మధ్యాహ్నం యంత్రం ఆగి, అందరూ షెడ్డు నీడలో ముద్ద నోట పెట్టుకునే వేళ బయటపడిపోయింది.

"నేను పాపం చేశాను. మా అక్క పేరుతో సర్టిఫికెట్టు తీసుకున్నాను."

ఎవరూ తల ఎత్తలేదు. బోసినోటి పెద్దమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"మా ఆయన పేరున సర్టిఫికెట్టు తీసుకున్నట్టు నేను వేలిముద్ర వేశానే. ఆయన పోయి ఏడాది దాటింది."

"మా వదిన పేరుకి నేను" అంది ఇంకొకామె. "నేనొక్కదాన్నే అనుకున్నా."

అందరూ నేనొక్కదాన్నే అనుకున్నవాళ్ళే. లెక్క తీస్తే ఆ సర్టిఫికెట్ల జాబితాలో పద్నాలుగుమంది మట్టిలో ఉన్నారు.

"నోళ్ళు మూసుకోండి" అన్నాడు లారీ డ్రైవరు. "పేపర్ల మీద ఎవడేం రాసుకుంటే మనకేంటి? యజమాని తాళం వేశాడంటే మీ పొయ్యిల్లో పిల్లి లేవదు."

"ఇప్పుడు పొయ్యి వెలుగుతోంది సరే, వండిపెట్టడానికి ఇంట్లో మనిషేడి?" అని పెద్దమ్మ విరుచుకుపడింది.

నర్సమ్మను పిలుద్దామని ఎవరో అన్నారు. ఆమె మొన్నటిదాకా ఆ సేవాసంస్థలోనే నర్సుగా పనిచేసింది. ఆదివారం వచ్చింది. గోనెపట్టా మీద కూర్చుని, తలొంచుకునే చెప్పింది.

"గ్రాంటు కాగితం నేను చదివాను. రాయి మీద నీళ్ళు చల్లే గొట్టాలు, మంచి మాస్కులు, ఊపిరితిత్తుల పరీక్షలు రావాలి. మీలోంచే పదిమందిని తయారుచేసి, యంత్రం ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు వాళ్ళకివ్వాలి. అన్నీ మీ పేరునే వచ్చాయి. అడిగానని నన్ను మాన్పించారు."

"అప్పుడే మాకు చెప్పలేదేం?" అని చెల్లెలు సూటిగా అడిగింది.

"భయపడ్డాను."

ఆ మాటకు ఎవరూ ఆమెను నిందించలేదు. భయం ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

వాదనలు చాలాసేపు సాగాయి. ఒకామె కోపంతో లేచి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి కూర్చుంది. చివరకు ఒక మాట మీదికి వచ్చారు. సోమవారం పనులు చూడటానికి అధికారి వస్తున్నాడు. ఆయన ముందు తట్టలు దించేయాలి. నీళ్ళ గొట్టాలు పడేదాకా ఎత్తకూడదు.

సోమవారం కారు దిగిన అధికారి చుట్టూ ఆడవాళ్ళు నిలబడ్డారు. యంత్రం వట్టినే తిరిగి తిరిగి ఆగిపోయింది.

"వీళ్ళకి ఎవరో రాజకీయాలు నూరిపోశారండీ" అన్నాడు కార్యదర్శి. "శిక్షణ ఎలా జరిగిందో వాళ్ళనే అడగండి."

చెల్లెలు ముందుకొచ్చింది. "మీ చేత్తో నాకు సర్టిఫికెట్టు ఇచ్చారు బాబూ. అది మా అక్కది. ఆమె పోయిన రెండు నెలలకి శిక్షణ మొదలైందని మీ కాగితమే చెబుతోంది. పోయినవాళ్ళు వచ్చి ఏం నేర్చుకున్నారు?"

వెనకనుంచి ఒక్కొక్కరూ తమవాళ్ళ పేరు చెప్పారు. ఎన్నాళ్ళు దగ్గారో, చివరికి ఎంత తేలికైపోయారో చెప్పారు. అధికారి చేతిలో ఫైలు మూశాడు.

"రాసి పంపండి. విచారణ చేయిస్తాం" అని కారెక్కాడు.

విచారణ వచ్చింది. మర్నాడు పొద్దున్నే, పోలీసు జీపులో. చచ్చిన మనిషి వేషం వేసి సంస్థను మోసం చేసిందని చెల్లెలి మీద కార్యదర్శి ఫిర్యాదు. సాక్ష్యం గోడమీది ఫోటో.

"ఇందులో ఉన్నది నువ్వేనా?" అన్నాడు ఎస్సై.

"నేనే."

ఆమెను లోపల పెట్టారు. గంట తిరక్కుండానే స్టేషను ఆవరణ నిండిపోయింది. పెద్దమ్మ నేరుగా ఎస్సై బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నేనూ వేశాను వేలిముద్ర. రాసుకో నాయనా."

"నేనూ."

"నేను ఇద్దరి పేరున వేశాను. మేస్త్రీ వేయమన్నాడు, అదీ రాసుకోండి."

"ఎంతమందినని లోపల వేస్తాను?" ఎస్సై పెన్ను కింద పడేశాడు. "పొండి ఇళ్ళకి!"

"వేస్తావో మానతావో అది నీ తలనొప్పి. పిల్లని వదిలేదాకా మేం కదలం" అంది పెద్దమ్మ.

అందరూ ఆవరణలో నేలమీద బైఠాయించారు. ఎండెక్కింది. నర్సమ్మ వాళ్ళకెదురుగా నిలబడి చీర కొంగు నడుముకు చుట్టుకుంది.

"ఊరికే కూర్చోవడమెందుకు? మొదలుపెడదామా?"

"ఇదేమన్నా బడా?" అని కానిస్టేబులు అరిచాడు.

"మాకు రావాల్సిన బడే" అంది పెద్దమ్మ. "ఎక్కడ జరిగితే అక్కడే వింటాం."

నర్సమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మొహానికి గుడ్డ కట్టుకుంటే చాలదు, రాయి మీద నీళ్ళు పడాల్సిందే. ఎత్తెక్కితే ఆయాసం వచ్చినా, పొడిదగ్గు నెలల తరబడి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. లారీ డ్రైవరు వచ్చి, ఎవరి వంకా చూడకుండా, వెనక వరసలో కూర్చున్నాడు.

లాకప్పు ఊచల వెనకనుంచి చెల్లెలి గొంతు వినిపించింది.

"నర్సమ్మా, మొదట్లోనే తెలిస్తే బతుకుతారా?"

నర్సమ్మ లాకప్పు వైపు తిరిగింది.

"ఆ జబ్బు నయం కాదు. కానీ మొదట్లోనే పసిగట్టి దుమ్ములోంచి బయటపడితే, చాలామంది ఏళ్ళకేళ్ళు బతుకుతారు."

చెల్లెలు ఊచలకు నుదురు ఆనించింది. ఆయాసంగా ఉందే అని అక్క మొదటిసారి అన్నది మూడేళ్ళ కిందట. తట్ట బరువుకేమోలే అంది తను. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆమె మొహం ఎత్తింది.

"గట్టిగా చెప్పు నర్సమ్మా" అంది. "ఇక్కడిదాకా వినబడాలి."